పొత్తుకొండ గడ్డిముడి

గిలకేరు పొంగి శంఖపురం కోటలో ఏనుగుల సాలను ఎత్తుకుపోయిన ఏడాది తరవాత మూడో కార్తీకం అది. కసవన మళ్లీ పొత్తుకొండ ఎక్కాడు.

మూడేళ్లుగా అతడు ఆ కొండ వంక చూడలేదు. విల్లు చూరులో దోపేసి ఊరుకున్నాడు. ఇప్పుడు ఎక్కక తప్పలేదు. అతడి అక్క మొగుడు కొండ్రాజు ఆ కొండ మీద దుప్పిగా తిరుగుతున్నాడు. మూడో రోజు పొద్దు కుంకేలోగా అతణ్ణి మనిషిని చేసుకోకపోతే ఇక జన్మంతా దుప్పే. మాట ఉండదు, మనుషుల గుర్తు ఉండదు.

పొత్తుకొండ ఏడు మడతల కొండ. మొదటి మడత నిండా వెదురు. రెండో మడతలో మద్ది, ఏపి, సండ్ర చెట్లు. మూడో మడతకు పోతే నేరేడు చెట్ల కింద నేల ఎండాకాలంలో కూడా నల్లగా, చల్లగా ఉండేది. నాలుగో మడతలో తేనెబండ. ఆ బండకు వేలాడే తేనెపట్లను దూరం నుంచి చూస్తే కొండ చెవులకు కమ్మలు పెట్టుకున్నట్టు ఉండేది. ఐదో మడతలో నెమళ్లు పురి విప్పితే లోయలో ఉన్నవాడికి ఆకుపచ్చ మంట లేచినట్టు కనిపించేది. ఆరో మడత మొగలిపొదలది. ఆ వాసనకు మేఘాలు కూడా దారి మరిచి అక్కడే తారాడేవి. ఏడో మడతను చూసినవాళ్లు లేరు. అది మంచు ముసుగు తీసేది కాదు. తెల్లవారుజామున ఎండ సోకితే మాత్రం ఆ మంచంతా పాలు పొంగినట్టు పొంగి, ఆరు మడతల మీదుగా కిందికి జారేది. ఇదంతా ఆ రోజుల మాట.

ఆ కొండ ఏ రాజుదీ కాదు. వెనకటికి ముగ్గురు రాజులు దాని కోసం కొట్టుకుని, అలిసిపోయి, కొండ పాదాన ఒక రాయి నిలబెట్టి ఒట్టు పెట్టుకున్నారు. గడ్డి అందరిది, నీళ్లు అందరివి, వేట అందరిది, కంచె వేసే హక్కు మాత్రం ఎవరికీ లేదు అని. ఆ ఒట్టును కొండ తనే కాపాడుకునేది. మనిషికి ఏడాదికి ఒక్క దుప్పి. ముందు దాని జాడ పట్టాలి. జాడ దొరికాక అడుగు పక్కనున్న బోదగడ్డిని ముడి వేసి, తన పేరు తనే గట్టిగా పిలవాలి. ఆ పేరును కొండ ఏడు మడతల్లో ఏడుసార్లు పలికితే ముడి నిలిచినట్టు. మూడు పొద్దుల దాకా ఆ దుప్పి ఆ మనిషిదే. వేసిన ముడి విప్పరాదు. ముడి లేని దుప్పి మీద బాణం వేస్తే అది గాలిలోనే వంకర తిరిగి రాళ్లలో పడేది. ఒక కుండలో వండుకు తిన్నవాళ్లకు మాత్రం ఒకరి ముడి మీద ఇంకొకరు బాణం వేసే వీలుండేది.

కొండ్రాజు వరదలో పోయాడనే ఊరంతా అనుకుంది. నాలుగు రోజుల కిందట ధూమజంఘుడనే మాంత్రికుడి దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన శిష్యుడొకడు కసవన అక్క గంగులమ్మ ఇంట గంజి తాగి, కడుపు నిండాక నిజం కక్కాడు. ఆ వరద దానంతటది రాలేదు. ఉత్తరాన కాకోలపురాన్ని ఏలే వక్రసేనుడి కోసం ఆ మాంత్రికుడే కొండ మీది చెరువు కట్ట తెగ్గొట్టాడు. నీళ్లు శంఖపురం కోటగోడను తోసేశాయి. ఆ కంతలోంచి వక్రసేనుడి సేన లోపలికి వచ్చి కోటను పట్టుకుంది. కట్ట తెగ్గొడుతుంటే చూసినవాడు కొండ్రాజు ఒక్కడే. చూసినందుకు దుప్పి అయ్యాడు. తన మంత్రం తగిలినవాణ్ణి తన చేత్తో చంపితే ఆ మంత్రం తనకే తిరగబడుతుంది గనక ధూమజంఘుడు అతణ్ణి చంపలేదు. మూడేళ్లు నిండితే ఇక ఎప్పటికీ దుప్పే గనక, అవి నిండేదాకా ఆగితే చాలనుకున్నాడు.

విరుగుడు కూడా ఆ శిష్యుడే చెప్పాడు. పెళ్లినాడు బాసికం ఏ నొసట కట్టారో ఆ నొసట, బాసికం కట్టిన చెయ్యే మొన లేని బాణంతో కొట్టాలి. కొండ్రాజుకు బాసికం కట్టింది కసవన. అప్పటికి కసవనకు పదహారేళ్లు. చేతులు వణికి ముడి రెండుసార్లు జారితే, "ఏం బామ్మర్దీ, మీ అక్కను ఇచ్చేదానికి మనసు రాలేదా?" అని కొండ్రాజు పీటల మీద కూర్చునే నవ్వించాడు.

కసవన వెంట ఒక గొంగళ్ల బేరగాడు ఉన్నాడు. పేరు బీరప్ప అని చెప్పాడు. వానకు తడిసి గంగులమ్మ పంచన చేరాడు. మూడు పూటలు గంజి తాగాడు. కసవన బయల్దేరుతుంటే వంటకుండ తన గొంగళ్ల మోపుకు కట్టుకుని వెంటబడ్డాడు. కసవన వద్దనలేదు. ఆ మనిషి అరికాళ్లు చూశాడు. ఊరూరా గొంగళ్లు మోసేవాడి అరికాళ్లు అంత మెత్తగా ఉండవు. మెడ చుట్టూ తెల్లటి చార ఉంది. ఏళ్ల తరబడి హారం వేసుకుని తీసేసినవాడి మెడ అది. కోట పోయినప్పుడు తప్పించుకున్న శంఖపురం రాకుమారుడు మణికేతుడి కోసం వక్రసేనుడు ఊరూరా వెతికిస్తున్నాడు. ఆ రాకుమారుడు ఇతడేనని కసవనకు మొదటి రోజే తెలిసింది. అడగలేదు. అతడికి అడిగే అలవాటు తక్కువ.

"గొంగళ్లప్పా, కాలు మెల్లగా పెట్టు. ఆకులు అరుస్తాండాయి."

"మెల్లగానే పెడుతున్నాను కదన్నా!"

"నువ్వు మెల్లగా పెట్టేదానికే కింద మడతలో కుందేళ్లన్నీ సంసారాలు ఇడిసిపెట్టి పరిగెత్తినాయి."

బీరప్ప నవ్వబోయి నోరు మూసుకున్నాడు.

రెండు రోజులు జాడ తీశారు. కసవన పిడికెడు దుమ్ము జారవిడిచి గాలి ఎటు పోతోందో చూసేవాడు. పెంటికలు కనిపిస్తే వేళ్లతో నలిపి, అవి నిన్నటివా ఈ పొద్దుటివా అని తేల్చేవాడు. మద్దిచెట్ల మీద కొమ్ములు రాసిన గీతలను అరచేత్తో కొలిచేవాడు. గడ్డి నలిగిన చోట పడుకుని, పడక వెచ్చగా ఉందో లేదో వీపుతో చూసేవాడు. దుప్పులు మన్ను నాకే ఉప్పుచౌడు దగ్గర ఒక పూటంతా బండ చాటున కూర్చున్నారు. ఇరవై మూడు దుప్పులు వచ్చాయి. ఎండ వాటి వీపుల మీది చుక్కల్లో పడి, చౌడు నేల మీద మల్లెలు నడుస్తున్నట్టు ఉంది. వాటిలో కొండ్రాజు లేడు.

కొండ్రాజు గుర్తు ఒక్కటే. చిన్నతనంలో తేనెబండ మీంచి పడ్డాడు. అప్పట్నుంచీ ఎడమ కాలు ఈడ్చేవాడు. మనిషి ఏ రూపంలోకి మారినా ఈడ్పు పోదని శిష్యుడు చెప్పాడు.

వెతికేది దుప్పినే గానీ ప్రతి మలుపులో కసవనకు బావే తగిలాడు. ఈ వెదురు పొద దగ్గరే కదా, "నువ్వు గురి చూసేలోగా దుప్పికి మనవళ్లు పుడతార్రా" అన్నాడు! ఈ బండ మీదే కదా, చలిలో ఇద్దరూ ఒక్క గొంగడి కప్పుకుని, అది చాలక పొద్దుటిదాకా దాన్ని అటూ ఇటూ లాక్కున్నారు! ఏడాదికి ఒక్క దుప్పి అంటే ఒక్కటే. అది దొరికిన రోజున బావ మాంసంలో మొదటి వాటా కొండకింద ఉన్న గుడ్డిముసలాయనకు పంపేవాడు. మిగిలిన ఏడాదంతా ఆ ఒక్క వేట కథే చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ దుప్పి కొమ్ములకు ఇంకో కొమ్మ మొలిచేది. అంత ఆనందం ఆ తరవాత కసవన ఎరగడు.

మూడో రోజు పొద్దున గవ్వల వాగు ఒడ్డున గంజి కాచుకుంటుంటే ఒక ముసలమ్మ వచ్చింది. భుజాన తేనెబుర్ర ఉంది. నడుం వంగిపోయింది.

"ఏం నాయనా, ఏ ఊరోళ్లు? గంజి వాసన లోయ దాకా వస్తాంది."

"రా అవ్వా, కూచో. ఉప్పే తక్కువ," అన్నాడు కసవన.

"నాకు పండ్లే తక్కువ. ఉప్పెందుకులే!" అని నవ్వింది. "ఎవరికోసం ఇట్లా కొండంతా గాలిస్తాండారు?"

బీరప్ప తొందరపడ్డాడు. "ఎడమ కాలు ఈడ్చే దుప్పి కోసం అవ్వా."

"ఓరి నీ పాసుగాల! దాన్నే కదరా ఇప్పుడు చూసొస్తాండా. వాగుకు ఎగదాల, బురదలో. పాపం, ఎడమకాలు ఈడ్చుకుంటా పోతాంది. పరిగెత్తండి, నీళ్లు తాగి ఎల్లిపోతాది."

కసవన గంజి అక్కడే వదిలి లేచాడు.

వాగుకు ఎగువన బురద ఉంది. బురదలో జాడ ఉంది. ఎడమ ముంగాలు గీత గీసుకుంటూ పోయింది. కసవన వంగి పక్కనున్న బోదగడ్డిని ముడి వేశాడు. నిలబడి అరిచాడు.

"కసవనా!"

కొండ ఏడుసార్లు పలికింది. ఏడోది మంచులోంచి, చాలా దూరం నుంచి వచ్చింది. ముడి బిగుసుకుంది.

జాడ వెంట అరగంట పోయారు. మధ్యాహ్నానికి ముందే నేరేడు చెట్ల కింద దుప్పి కనిపించింది. వయసులో ఉన్న మగదుప్పి. ఎడమ ముంగాలి గిట్టల మధ్య తుమ్మముల్లు దిగి ఉంది. అది తల తిప్పి చూసింది. ఆ చూపులో బెదురు తప్ప ఏమీ లేదు. కొండ్రాజు కసవనను ఎప్పుడూ అలా చూసి ఎరగడు. కుంటుకుంటూ పొదల్లోకి దూకి పోయింది.

కసవన నేల మీద చతికిలబడ్డాడు.

"ఏమైందన్నా? బాణం వేయలేదేం?"

"అది బావ కాదు."

"కాలు ఈడుస్తోంది కదా?"

"ముంగాలు ఈడుస్తాంది. దుప్పి ముంగాళ్లు మనిషికి చేతులప్పా. మా బావ ఈడ్చింది కాలు. అంటే వెనక కాలు చూడాల. నేను ముంగాలు చూసినా."

పొత్తుకొండ వేటగాళ్లెవరైనా అదే చేసేవాళ్లు. దుప్పి నడిచేటప్పుడు వెనక కాలు ముంగాలి అడుగు మీదే పడి దాన్ని తొక్కేస్తుంది. రెండూ కలిసిపోయిన అడుగుతో ఏ దుప్పో తెలియదు. అందుకని ముంగాలు విడిగా పడిన చోటు వెతికి, దాన్నిబట్టే గుర్తుపట్టేవాళ్లు. తాతల నాటి నుంచీ వెనక కాలిని ఎవరూ లెక్కచేయలేదు. ఈ రెండు రోజుల్లో కసవన ఎన్ని వెనక అడుగులను చూసి కూడా చూడకుండా దాటి వచ్చాడో! ఏడాదికి ఉన్న ఒక్క ముడీ ముల్లు గుచ్చుకున్న దుప్పికి వేసేశాడు. పొద్దు నడినెత్తికి వస్తోంది.

వెనక్కి వాగు దగ్గరికి వచ్చాడు. గంజికుండ చుట్టూ బురదలో తన అడుగులున్నాయి, బీరప్పవి ఉన్నాయి. ముసలమ్మ కూర్చున్న చోట ఏమీ లేదు. ఆమె వచ్చిన దారిలో ఏమీ లేదు. తడి బురద మీద చీమ నడిచిన గీత కూడా కనిపిస్తోంది గానీ, మనిషి అడుగు లేదు.

"గొంగళ్లప్పా, ఆ యవ్వకు కాళ్లుండాయా?"

జవాబు చెట్టు మీంచి వచ్చింది. పకపకా నవ్వు. కొమ్మ మీద ముసలమ్మ కూర్చుని ఉంది. చూస్తుండగానే నడుం నిటారైంది, తెల్లజుట్టు జడలు కట్టింది, తేనెబుర్ర కపాలమైంది. మోకాళ్ల కింద కాళ్లకు బదులు పొగ సుడులు తిరుగుతోంది. ధూమజంఘుడు!

"అడుగులు చదివేవాడా! అడుగే లేనివాణ్ణి చదవలేకపోయావురా! పొద్దు కుంకేదాకా ఇక్కడే కూర్చుని ఏడువు. నీ బావకు పచ్చగడ్డి నేనే వేస్తానులే!"

మెడలోని కోరల దండ పుటుక్కున తెంపి విసిరాడు. నేల తగిలిన ప్రతి కోరా ఒక రేచుకుక్క అయింది. ఇరవై, ముప్పై, నలభై! ఎర్రటి వీపులతో, నిప్పురవ్వల కళ్లతో గుంపు కట్టి మీదికి దూకాయి.

"పరిగెత్తు!"

వాగు దాటారు. బండలెక్కారు. తుప్పల్లో పడి లేచారు. కుక్కల ఊపిరి పిక్కలకు తగులుతోంది. ఎదురుగా లోయ నోరు తెరిచింది. రెండు తాటిచెట్ల లోతు. ఒడ్డునున్న మద్దిచెట్టుకు తొడంత లావు అడవితీగ వేలాడుతోంది. కసవన తీగ పట్టుకుని, రెండో చేత్తో బీరప్ప నడుం చుట్టి, ఒక్క తాపు తన్నాడు. లోయ కాళ్ల కింద గిర్రున తిరిగిపోయింది. అవతలి గట్టు మీద ఇద్దరూ దబ్బున పడ్డారు. ముందు కుక్క కూడా తీగ కరుచుకుని ఊగి వస్తోంది. బీరప్ప గొంగళ్ల మోపులోంచి సర్రున కత్తి దూసి తీగను నరికాడు. కుక్క లోయలోకి పడుతూనే మళ్లీ కోరగా మారి రాళ్ల మీద టంగుమంది. మిగిలినవి అవతలి ఒడ్డున ఊళ పెడుతూ ఆగిపోయాయి.

కసవన ఊపిరి తీసుకున్నాడు. పిడికి మణులు పొదిగిన ఆ కత్తిని చూశాడు.

"గొంగళ్లలో కత్తులు గూడా నేస్తారా అప్పా మీ ఊర్లో?"

బీరప్ప తల వంచుకున్నాడు.

పొద్దు పడమటికి వాలింది. జాడలు తీసేందుకు వేళ లేదు. కసవన ఒక బండ మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. బీరప్పకు అది వింతగా తోచింది.

"అన్నా, వెతకవా?"

"వెతుకుతాండా."

అతడు దుప్పిని వెతకడం మానేశాడు. బావను వెతుకుతున్నాడు. ఈ వేళకు బావ ఏం చేసేవాడు? వేట దొరికినా దొరకకపోయినా, సాయంత్రం పని ఆపి ఐదో మడతలోని బోడిగుట్ట మీదికి పోయేవాడు. అక్కడ నిలబడితే చెట్ల సందులోంచి ఊరు కనిపించేది. ఊళ్లో ఇన్ని ఇళ్లుంటే, వాటిలో తన ఇంటి మీది పొగనే గుర్తుపట్టేవాడు. "అదో, మీ యక్క పొయ్యి ముట్టించింది. ఈ పొద్దు పచ్చికట్టెలు పెట్టినట్టుంది, తిట్టుకుంటా ఊదుతాంటాది," అని ఒక్కడే నవ్వుకునేవాడు. ఆ పొగ సన్నబడేదాకా కదిలేవాడు కాదు.

కసవన లేచి పరుగందుకున్నాడు.

బోడిగుట్ట కింది ఇసుకలో జాడ దొరికింది. ఎడమ వెనక కాలు పొడుగ్గా, వదులుగా గీత గీసుకుంటూ పోయింది. ఒక్కనాటిది కాదు. ఒకదాని మీద ఒకటి, వందల గీతలు. మూడేళ్ల సాయంత్రాలన్నీ ఆ ఇసుకలో ఉన్నాయి. గుట్ట మీద పెద్ద కొమ్ముల దుప్పి ఊరి వైపు తిరిగి నిలబడి ఉంది. దూరాన, చెట్ల సందున, సన్నటి నీలపు పొగ లేస్తోంది.

మొన తీసి లక్కముద్ద పెట్టిన బాణం కసవన చేతిలో ఉంది. ముడి లేదు.

బీరప్ప వంగి, జాడ పక్కన గడ్డిని ముడి వేశాడు.

"బీరప్పా!" అని అరిచాడు.

కొండ పలకలేదు. గాలి కూడా ఆగింది. గడ్డిముడి పాము చుట్ట విప్పినట్టు మెల్లగా విడిపోయింది. అబద్ధపు పేరుకు పొత్తుకొండ మీద చోటు లేదు.

ఉత్తరపు వాలు కింద, రాకుమారుణ్ణి వెతికే వక్రసేనుడి గుర్రపుదండు గుడారాలు వేసి ఉందని ఇద్దరికీ తెలుసు. పేరు ఇక్కడ పలికితే అక్కడికి వినపడుతుందనీ తెలుసు. పొద్దు కొండ అంచుకు జానెడు ఎత్తులో ఉంది.

"సామీ, వద్దు," అన్నాడు కసవన. ఆ పిలుపు అతడి నోట రావడం అదే మొదలు.

రాకుమారుడు నవ్వాడు. "ఎప్పటి నుంచి తెలుసన్నా?"

"నీ యరికాళ్లు చూసినప్పటి నుంచి."

"మీ అక్క నేనెవరో అడగకుండా మూడు పూటలు గంజి పోసింది. మూడేళ్లుగా నన్ను ఎవరూ 'ఇంకొంచెం పొయ్యమంటావా' అని అడగలేదు."

మళ్లీ వంగి ముడి వేశాడు. నిటారుగా నిలబడ్డాడు. బేరగాడి వంపు అతడి భుజాల్లోంచి జారిపోయింది.

"శంఖపురం మణికేతుణ్ణి!"

కొండ ఏడుసార్లు పలికింది. వెదుళ్లు పలికాయి, నేరేళ్లు పలికాయి, తేనెబండ మీది పట్లు ఝుమ్మన్నాయి. ఏడో మడత మంచులోంచి ఆ పేరు ఉరుములా దొర్లి వచ్చింది. ముడి బిగిసింది. ఒక కుండ గంజి తాగినవాడి ముడి అది, దాని మీద కసవన బాణం చెల్లుతుంది. ఆ వెంటనే ఉత్తరం దిక్కున బూర ఊదారు. ఒకటి, రెండు, పది.

దుప్పి ఉలిక్కిపడి ఇటు తిరిగింది. కసవన అప్పటికే విల్లు ఎక్కుపెట్టాడు. నలభై అడుగుల దూరం. రెండంగుళాలు పక్కకు పోతే కన్ను పోతుంది. చెయ్యి వణికింది. పెళ్లిపీటల ముందు వణికినట్టే వణికింది. దుప్పి పారిపోలేదు. తల కొంచెం వంచి నొసలు చూపించింది.

బాణం పోయింది.

లక్కముద్ద రెండు కళ్ల నడుమ టక్కున తగిలింది. దుప్పి ముంగాళ్ల మీద కూలింది. కొమ్ములు ఎండుపుల్లల్లా విరిగి రాలాయి. చర్మం మీది చుక్కలు ఒక్కొక్కటీ దీపాలు ఆరిపోయినట్టు ఆరిపోయాయి. పొద్దు చివరి అంచు కుంకేసరికి గుట్ట మీద గడ్డం పెరిగిన మనిషి బోర్లా పడి ఉన్నాడు. కసవన పరిగెత్తి తలను ఒళ్లోకి తీసుకున్నాడు. నొసట రూపాయంత వాపు లేచింది.

కొండ్రాజు కళ్లు తెరిచాడు. పెదాలు చాలాసేపు ఊరికే కదిలాయి.

"నలభై అడుగుల నుంచా బామ్మర్దీ! ఇంకొంచెం దూరం పోయి కొట్టలేకపోయినావా, వాపు తక్కువుండేది!"

కసవన నవ్వబోతే ఏడుపు వచ్చింది.

గుర్రాల డెక్కల చప్పుడు ఉత్తరపు వాలు మీద పైకి వస్తోంది. వాటి ముందు దారి చూపిస్తూ పొగ లాంటిదేదో పాకుతోంది. కొండ్రాజు లేవబోయి పడ్డాడు. మూడేళ్లు నాలుగు కాళ్ల మీద నడిచినవాడికి రెండు కాళ్లు నిలవడం లేదు. కసవన అతణ్ణి భుజానికెత్తుకున్నాడు. ఆ బరువుతో గుర్రాలకు అందకుండా పోవడం ఎవరి తరమూ కాదు.

మణికేతుడు తన గొంగళ్లలో దళసరిది తీసి కొండ్రాజుకు కప్పాడు. కత్తి నడుముకు దోపుకున్నాడు.

"మీరు దక్షిణం దిగండి. వాళ్లకు కావలసింది మీరు కాదు."

"ఒక్కడివి ఏం చేస్తావు సామీ?"

"నాకొక పేరుంది కదా. దాన్ని పట్టుకుని వాళ్లే వస్తారు."

అడ్డుపడేలోగా ఉత్తరం వైపు దూకాడు. కసవన బావను మోసుకుంటూ దిగుతున్నాడు. వెనక మసక చీకట్లో ఆ పేరు వినపడుతూనే ఉంది. "మణికేతుణ్ణి!" ఒకసారి తూర్పు గట్టు నుంచి, ఒకసారి మొగలిపొదల నుంచి. ప్రతిసారీ డెక్కల చప్పుడు అటే మళ్లుతోంది, ఇంకా దూరమవుతోంది. ఆరోసారి ఆ పేరు సగంలో ఆగింది.

కసవన ఆగి చెవి పెట్టాడు. కొండ కూడా ఆ సగం పేరునే పలికింది.

మర్నాడు పొద్దున కొండపాదాన ఒట్టురాయి దగ్గర కసవన ఒక వెదురు కోసి, కణుపులు చెక్కి, కొండ్రాజు చేతికి కర్రగా ఇచ్చాడు. కొండ్రాజు నాలుగడుగులు వేసి, పడి, లేచి, మళ్లీ ఆరు వేశాడు.

"పోదాం పద బామ్మర్దీ. మీ యక్క నన్ను చూసి ముందు ఏడుస్తాదో, తిడతాదో! పందెం కాసుకుందామా?"

"నువ్వు పో బావా. దోవ తిన్ననే ఉండాది. ఎండ ముదరకముందే ఊరొస్తాది."

"నువ్వు?"

కసవన ఉత్తరం వైపు చూశాడు. కొండ్రాజు, మూడేళ్ల తరవాత దొరికిన మనిషిని గడపదాకా కూడా పంపలేని బామ్మర్ది ముఖం చూశాడు. తరవాత తన మీదున్న గొంగడి అంచు తడిమాడు.

"నిజమేలే. నా బదులు ఆ పిల్లోడు పోయినాడు. చెరువు కట్ట సంగతి ఊరందరికీ నేను చెప్తా. నువ్వు మాత్రం మీ యక్కకు ఇంకో మూడేండ్లు దారి చూసే పని పెట్టొద్దు."

కర్ర ఊనుకుంటూ, ఎడమ కాలు ఈడ్చుకుంటూ, కొండ్రాజు ఇంటి దారి పట్టాడు. మలుపు తిరిగేదాకా కసవన చూశాడు. తరవాత కొండను చుట్టి ఉత్తరపు వాలుకు వెళ్లాడు. మంచుకు తడిసిన నేల మీద డెక్కల జాడ కనిపించింది. వంగి లెక్కపెట్టాడు. నలభై ఒక్క గుర్రాలు. నలభై ఒకే లోతున దిగాయి. ఒక్కటి మిగతావాటికంటే వేలెడు లోతుగా దిగింది. దాని మీద ఇద్దరున్నారు. ఆ డెక్కగుంటలో అరచెయ్యి పెట్టి చూశాడు. అంచులు ఇంకా విరగలేదు. తెల్లారాకే కదిలారు. సగం పూట ముందున్నారు, అంతే.

విల్లు వీపుకు వేసుకుని, కాకోలపురం వైపు ఆ లోతైన డెక్కల వెంట నడవడం మొదలుపెట్టాడు.